కాలవ కంపు

ఉదయగిరిలో మా ఇంట్లో కండ వండిన రోజులు తక్కువ. ఆదివారం నాయన మటన్ అంగడి దగ్గర అందరూ కొనుక్కుని పోయేదాకా నిలబడి బోటి తెచ్చేవాడు. మేక పేగులు. వాటిని పుల్లతో తిరగేసి, లోపలి పచ్చటి మడ్డి గీకి, పసుపూ ఉప్పూ వేసి వేడినీళ్లలో కడగడం నా పని. ఆ వాసన సోమవారం బడిలో కూడా నా వేళ్లకు ఉండేది. అప్పుడది నాకు కంపు అనిపించలేదు.

టీచరు ఉద్యోగం వచ్చాక ఆత్మకూరులో ఒక మేడ కింది వాటా అద్దెకు తీసుకున్నాను. ఇల్లు చూపిస్తూనే ఓనరమ్మ చెప్పింది.

"కోడికూరంటే మేమూ తింటాం మేడం, చేసుకోండి. ఆ పేగులూ తలకాయలూ మాత్రం వద్దు. అవి తినేవాళ్లు వేరే."

"ఛీ, అవెవరు తింటారండీ!" అన్నాను. ఆ 'ఛీ' నన్నెవరూ అడగలేదు.

పోయిన వేసవిలో ఒక ఆదివారం అమ్మ చెప్పకుండా బస్సెక్కి వచ్చింది. చేతిలో స్టీలు క్యారియరు.

"నీకిష్టమని తెల్లారే లేచి వండినాను పాపా. ఇంకా వెచ్చగానే ఉండాది" అంటూ మూత తీసింది.

నల్లటి మసాలాలో ముడతలు ముడతలుగా పేగులు, గిన్నె అంచున పేరుకుంటున్న కొవ్వు. వాసన పైకి పోతుందని గబుక్కున లేచాను. కిటికీ మూయబోతుంటే ఓనరమ్మ మెట్లు దిగి గుమ్మం ముందుకొచ్చింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"ఏంది మేడం ఈ కంపు?"

తలుపు సగం మూసి అడ్డంగా నిలబడ్డాను. "కాలవ పొంగినట్టుందండీ."

నా వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "అవునమ్మా, కాలవే. నేనొచ్చినప్పటి నుంచీ చూస్తా ఉండా, ఒకటే కంపు."

ఓనరమ్మ పైకి పోయి ఫినాయిల్ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏ వాసనా లేని కాలవలో, అమ్మ చూస్తుండగా, సీసా అంతా ఒంపేశాను.

లోపలికొచ్చి, చేసిన పాపం కడుక్కుందామన్నట్టు కంచం ముందు కూర్చున్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ముక్క రబ్బరులా పళ్ల కింద జారింది. లేచి సింకు దగ్గరికి పరిగెత్తి కక్కేశాను. నటన కాదు. ఓనరమ్మ కోసం ఆడిన అబద్ధం ఎప్పుడు నా నోట్లోకి దిగి నిజమైపోయిందో నాకే తెలియలేదు.

అమ్మ వీపు నిమిరింది. "ఎండకు పైత్యం చేసినట్టుండాది" అంది. అమ్మ నన్ను కాపాడడం అది రెండోసారి.

తర్వాత తనే కూర్చుని తిన్నది. క్యారియరు సబ్బుతో రెండుసార్లు తోమి, వాసన చూసి, సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. ఓనరమ్మ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. అద్దంలో నా నోరు చూస్తేనే రోత పుట్టింది.

ఆ తర్వాత అమ్మ మూడుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ, ఆసుపత్రిలో ఎవరినో చూడటానికి వచ్చినట్టు, బస్టాండులో కొన్న నాలుగు యాపిల్ పళ్లు కవరులో తెచ్చి టేబుల్ మీద పెడుతుంది. కుర్చీ అంచునే కూర్చుంటుంది.

ఒకసారి ఫోనులో ఉండబట్టలేక అడిగాను. "ఈసారి వచ్చేటప్పుడు ఏమన్నా వండుకుని రామ్మా."

"వద్దులే పాపా, నీకు పడదు" అంది.