కొర్రలంటే బియ్యమా, గింజలా?

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు.

కర్నూలులో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసేవాణ్ణి. మాది బద్వేలు పక్క పల్లె. హాస్టళ్లకు సరుకులు కొనే టెండర్ల ఫైళ్లు నా బల్ల మీదే ఉండేవి. ఆ ఏడాది పిల్లలకు కొర్రన్నం పెట్టాలని పైనుంచి ఆదేశం వచ్చింది. కొర్ర బియ్యానికి టెండరు పిలిచాం. ధర ఒక్కటే చూస్తే సరిపోదు, నాణ్యతకూ మార్కులు వేయాలి, రెండూ కలిపి ఎవరు ముందుంటే వాళ్లకే ఇవ్వాలి. ఆ పట్టిక తయారు చేసేది నేను. పైవాళ్లు సంతకం పెడతారు. చదివి పెడతారని నేనెప్పుడూ అనుకోలేదు.

పత్తికొండ వైపు ఒక పల్లె నుంచి రైతుల సంఘం కూడా టెండరు వేసింది. సంఘం పెద్ద పేరు ఈరన్న. నమూనా పొట్లం తనే తెచ్చి నా చేతికిచ్చాడు. పొట్టు తీసే మిషను పెట్టుకున్నామని, ఈ ఆర్డరు వస్తే ఊళ్లో చాలా కుటుంబాలకు సుగ్గికి పోయే పని తప్పుతుందని చెప్పాడు. సుగ్గి అంటే అక్కడివాళ్లకు వలస. ఇంటికి తాళం వేసి, పిల్లలను బడి మాన్పించి, గుంటూరు పక్క మిరప కోతలకు పోవడం. నేను పొట్లం విప్పి చూశాను. బాగున్నాయన్నాను.

మా ఆఫీసులో ఒక పాడు అలవాటుండేది. నమూనాలు వస్తే కాస్త చూసి, ఎవరికి కావలసింది వాళ్లు సంచిలో వేసుకుని పోవడం. కందిపప్పు ఒకరికి, బెల్లం ఒకరికి. మా ఆవిడకు షుగరు, కొర్రన్నం తినమని డాక్టరు చెప్పి ఉన్నాడు. కొంచెమైనా ఆఫీసులో ఉంచాలన్న ఇంగితం లేకుండా పొట్లం పొట్లమే ఇంటికి పట్టుకుపోయాను. ఆమె వండింది. చింతకాయ తొక్కుతో ఇద్దరం తిన్నాం. చాలా బాగుంది. సిగ్గులేకుండా మళ్లీ పెట్టించుకున్నాను కూడా.

కొన్నాళ్లకు ధరల కాగితాలు తెరిచాం. ఈరన్న సంఘం కాగితంలో ‘కొర్రలు’ అని ఉంది. ‘కొర్ర బియ్యం’ అని లేదు. మా పక్క కొర్రలంటే పొట్టుతో ఉన్న గింజలు, పొట్టు తీస్తేనే బియ్యం. కిలో గింజలు ఆడిస్తే కిలో బియ్యం రావు కదా! అందుకని పొట్టు పోగా మిగిలేదానికి ధర కట్టాను. అంతవరకు అందరికంటే తక్కువున్న వాళ్ల ధర ఒక్కసారిగా పైకి పోయింది. శుభ్రం చేయని సరుకని నాణ్యతలోనూ మార్కులు తగ్గించాను. సంఘం రెండో స్థానానికి జారింది. ఆర్డరు టౌనులోని ఒక వ్యాపారికి పోయింది.

ఆ వ్యాపారి నాకు టీ కూడా తాగించలేదు. ఈ మాట నమ్మండి, నమ్మకపోండి. లంచం తిని ఉంటే గడ్డి తిన్నానని ఒప్పుకునేవాణ్ణి, కారణమైనా ఉండేది. పట్టిక రాసేటప్పుడు ఆ పొట్లం గుర్తు రాలేదా? రాలేదనే అనుకుంటాను. నిజంగా రాలేదా? మిషను పెట్టుకున్నామని చెప్పినవాడు పొట్టుతో ఎందుకు పంపుతాడని ఒక్క క్షణమైనా తోచలేదా? ఫోన్ చేసి అడిగితే పోయేది, కానీ కాగితాలు తెరిచాక టెండరు వేసినవాళ్లతో మాట్లాడకూడదన్న నియమం అప్పుడు నాకు భలే గుర్తొచ్చింది, మిగతా నియమాలు గుర్తు రానివాడికి అదొక్కటే ఎందుకు గుర్తొచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఈరన్న ఊరుకోలేదు. ధర కట్టిన తీరు తప్పని అభ్యంతరం పెట్టాడు. పెద్ద ఆఫీసరు విచారణకు పిలిచాడు. "మేము కొర్రలని రాసింది బియ్యానికే సార్. పొట్టుతో ఉంటే మనుషులు తింటారా, గువ్వలు తింటాయి," అన్నాడు ఈరన్న. ఆఫీసరు నవ్వి, నమూనా చూస్తే తేలిపోతుంది కదా అని నా వైపు తిరిగాడు.

ఆ పొట్లం కచ్చితంగా గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం గుర్తు రాలేదని అనలేను. ‘ఇంట్లో వండుకు తిన్నాం సార్’ అనే మాట నాలుక దాకా వచ్చింది. తోటివాళ్లు నవ్వుతారని సిగ్గా? సస్పెండు చేస్తారని భయమా? "పొట్టుతోనే వచ్చింది సార్. పురుగు పట్టిందని పారేశాం," అన్నాను. ఎంత తడుముకోకుండా అన్నానో! అభ్యంతరం కొట్టేశారు.

వరండాలో ఈరన్న నా దగ్గరికి వచ్చాడు. చొక్కా పట్టుకుంటాడనుకున్నాను.

"ఏమప్పా, పొట్లం తీసుకొన్నది నువ్వే గదా. విప్పి సూసి బాగుండాయి అంటివే."

"నాకు గుర్తు లేదప్పా," అన్నాను.

"పోనీలేప్పా. శానా మంది తెస్తాంటారు, నీకు మాత్రం యాడ గుర్తుంటాది. తప్పు మాదే. బియ్యమని రాసింటే సరిపోతాండె. రాసేకి రానోళ్లం." తలగుడ్డ సర్దుకున్నాడు. "ఈ ఏడు గూడా సుగ్గికి పోవాల్సిందే. వస్తానప్పా."

ఆ తిట్టేదేదో తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఊరికి నేనెప్పుడూ పోలేదు. ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో, ఎందరు పిల్లలు బడి మానేశారో తెలియదు. తెలుసుకోవడానికి పత్తికొండ బస్సు ఎక్కితే చాలు. నిరుడు రిటైరయ్యాను, బోలెడంత తీరిక ఉంది, అయినా ఎక్కలేదు. వాళ్ల వలసకు నేనే కారణమా, లేక నేను నిజం చెప్పినా ఇంకేదో వంక పెట్టి ఆ ఆర్డరు ఎగరగొట్టేవాళ్లా? ఒకసారి ఇలా, ఒకసారి అలా అనిపిస్తుంది.

ఈరన్న ఆ రోజు నన్ను మతిమరుపు మనిషి అనుకుని మన్నించాడు. నేను మరిచిపోలేదు. కాబట్టి ఆ మన్నింపు నాకు చెందదు. ఆయన దగ్గరికి పోయి అడిగే ముఖమూ లేదు. ఆ రోజు విచారణలో అనాల్సిన మాటను ఇన్నేళ్లకు ఇక్కడ అంటున్నాను: ఆ పొట్లంలో వచ్చినవి బియ్యమే సార్, ఒక్క గింజకూ పొట్టు లేదు, తిన్నది నేనే.

అమ్మయ్య. అన్నాను.