సిరిసిల్ల సభలో రావు సాబ్ పక్షం

ఈ ప్రయాణానికి నాకు ఓపిక లేదు. మోకాళ్ల నొప్పి, పైగా ఎండ. 'విశ్వంలోని క్రమం సృష్టికర్తను చూపుతుందా?' అనే చర్చకు సిరిసిల్ల పాఠకుల సంఘం వాళ్లు ఇద్దరిని పిలిచారు. చూపదని చెప్పడానికి నేను, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌ని. చూపుతుందని చెప్పడానికి కోరుట్ల రావు సాబ్, నాతోపాటు అదే కాలేజీలో తెలుగు చెప్పినవాడు. స్టాఫ్‌రూంలో మొదలైన ఈ వాదన మా ఇద్దరి మధ్య ముప్పయ్యేళ్లుగా నడుస్తూనే ఉంది.

జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులకు కొదవ లేదు. ఎనిమిది దాటాక ఎక్కి గంటలోపే దిగాను. రావు సాబ్ బస్టాండు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. ఆయన భార్య ఉగాదికి ముందే పోయింది.

"వద్దనుకుంటే ఫోన్ చేసి చెప్దాం" అన్నాను.

"మాటిచ్చినం గద సత్యం, పా."

వేములవాడ దాకా ఒక బస్సు, అక్కడ మారి సిరిసిల్లకు ఇంకొకటి. కథలాపూర్ దాటాక ముందు సీట్లోని పెద్దామె వెనక్కి తిరిగింది. మనుమడి పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ పోతున్నదట.

"మీరేడికి పోతున్రు సారూ?"

"సిరిసిల్లల సభ ఉన్నదమ్మా. దేవుడున్నడా లేడా అని" అన్నాను.

"గది తేల్చెటందుకు గింత ఎండల పోతున్రా?" అని ఆమె నవ్వింది. రావు సాబ్ నవ్వలేదు.

వేములవాడలో బస్టాండు ఎదుటి హోటల్లో భోజనం చేశాం. పప్పు బాగుంది, అన్నం మెత్తబడింది. ఆయన పెరుగన్నం రెండు ముద్దలు తిని చేయి కడుక్కున్నాడు.

సభ మూడింటికి మొదలైంది. పక్క వీధిలోంచి మరమగ్గాల చప్పుడు ఆగకుండా వస్తోంది. మొదట రావు సాబ్‌ని పిలిచారు. వెళ్లి మైకు పట్టుకున్నాడు.

"క్రమం ఉన్నది. కాదంటలేను. కని గది పెట్టినోడున్నడని చెప్పుటానికి ఇయ్యాల నాకు నోరస్తలేదు. మాఫ్ చెయ్యున్రి" అని వచ్చి కూర్చున్నాడు.

నా వంతు వచ్చింది. చెప్పాల్సినవన్నీ సిద్ధంగానే ఉన్నాయి, ఎదుట వాదించేవాడే లేడు. ఆ గెలుపు నాకు వద్దనిపించింది. అందుకని ఆయన చెప్పలేకపోయిందే నేను చెప్పాను. మంచుగడ్డ మునగకుండా తేలబట్టే చలిదేశాల చెరువుల్లో చేపలు బతుకుతున్నాయన్నాను. ఇక్కడ రాయి పడే నియమమే ఆకాశంలో చంద్రుణ్ణీ తిప్పుతుందన్నాను. ఇన్ని నియమాలుంటే పెట్టినవాడూ ఉండాలి కదా అని ముగించాను. నా వైపు మాట ఒక్కటీ చెప్పలేదు. నిర్వాహకులు తికమకపడ్డారు, జనం మాత్రం చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో వేములవాడ దాకా నిలబడే వచ్చాం. కోరుట్ల బస్సులో సీట్లు దొరికాయి. రుద్రంగి దాటాక ఆయన అడిగాడు.

"సత్యం, గవన్ని నువ్వు నమ్మినవా?"

"లేదు."

"నేను గూడ. ఇప్పుడైతే నమ్ముతలేను." కిటికీ అద్దం పక్కకు జరిపాడు. "అయినా తప్పు చెప్పినవ్. నియమం ఉన్నదంటే పెట్టినోడున్నడని నేనెన్నడన్న?"

"మరేమన్నవ్?"

"నియమం ఉండుడు గాదు. గది మనకు సమజైతది చూడు, గదే వింత అన్న. ఎక్కడ్నో ఉన్న చుక్కల లెక్క గీ చిన్న తలకాయకు ఎట్ల అందుతది?"

కళ్లు మూతలు పడుతున్నా జవాబిచ్చాను. "అందనిది ఎంతున్నదో నీకెట్ల తెల్సు?"

"అగో, మల్ల గదే మాట!" అని పూర్తిగా నా వైపు తిరిగాడు.

కోరుట్లలో నన్ను జగిత్యాల బస్సు ఎక్కించి కూడా ఆయన ఇంటికి పోలేదు. కిటికీ కింద నిలబడి ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. బస్సు కదిలింది, సగమే వినబడింది.

సిరిసిల్ల పోవాలనుకునేవాళ్లు ఎండలు తగ్గాక పోవడం మంచిది. నాకైతే ఒళ్లు హూనమైంది, సృష్టికర్త సంగతీ తేలలేదు. ఆ మిగతా సగం వినడానికి ఆదివారం కోరుట్ల పోవాలి.