కర్రక్క తట్టిన నేల

పోయిన ఎండాకాలం మెరుగు బూట్ల పెద్దమనిషికీ కర్రక్కకీ జరిగినటువంటి గొడవ ఆ వేడినీళ్ళ కొండ మీద అంతకుముందు లేదు, ఆ తరవాతా లేదు. లోయ ఫోటో తీసుకోవాలి, తాడు దాటి నాలుగడుగులే కదా అంటాడాయన. దాటొద్దంటుంది కర్రక్క. ఆయన గదమాయించాడు, తన చదువు గొప్ప చెప్పుకున్నాడు, తనకు తెలిసిన పైవాళ్ళను వరసగా తలుచుకున్నాడు. ఆవిడ ఒక్కదానికీ జవాబివ్వలేదు. చేతికర్ర ఎత్తి తాడు అవతల దించింది. మట్టిపెంకు విరిగి కర్ర మోకాలి లోతు దిగింది. ఆవిరి బుస్సుమంది.

"వెళ్ళండి బాబూ. బూట్లు మాత్రం ఇక్కడే విడిచి వెళ్ళండి, ఎవరైనా వాడుకుంటారు."

ఆయన తాడు దగ్గర్నుంచి వెనక్కి తగ్గాడు. స్నానాల గది గుమ్మంలో తువ్వాళ్ళిచ్చే పెద్దమ్మ అదంతా చూసి మురిసిపోయింది. పెద్దమ్మకి మనుషులు ఒక పట్టాన నచ్చరు. కర్రక్క నచ్చింది.

చూడ్డానికొచ్చిన జనాన్ని పై ఊట దాకా నడిపించి తీసుకురావడమే ఇరవయ్యారేళ్ళుగా కర్రక్క పని. మొగుడు లేడు, పిల్లలు లేరు, కర్ర ఉంది. అక్కడి దారిని నమ్మడానికి లేదు. కింద మరిగే బురద తినేసిన చోట నేల పైకి దిట్టంగానే ఉంటుంది, లోపల బోలు. అందుకే ప్రతి అడుగుకీ ముందు మూడు దెబ్బలు. గట్టి నేల టక్కుమంటుంది, బోలు నేల డుబ్బుమంటుంది.

కొట్టీ కొట్టీ ఆవిడ అరచెయ్యి చిట్లిపోయింది. అది చూడలేక ఒక సాయంత్రం పెద్దమ్మ పాత తువ్వాలు చింపి, కర్ర పిడికి మూడు చుట్లు చుట్టి కుట్టిచ్చింది.

మర్నాడు పై ఊట దగ్గర తువ్వాళ్ళు చాల్లేదని కబురొస్తే, మూట భుజాన వేసుకుని పెద్దమ్మ కూడా జట్టుతో బయల్దేరింది. ముందు కర్రక్క, వెనక తను, తన వెనక పదకొండు మంది. వంపు తిరిగేసరికి ఆవిరి దారిని కమ్మేసింది. కర్ర మోగింది. డుబ్. డుబ్. డుబ్.

కర్రక్క కాలెత్తింది.

"ఆగవే!"

తల తిప్పలేదు.

"ఒసేయ్, నిన్నే! ఆగు!"

కాలు దిగుతోంది. పెద్దమ్మ మూట పారేసి, రెండు చేతులా ఆవిడ శాలువా పట్టుకుని గుంజింది. ఇద్దరూ తువ్వాళ్ళ మూట మీద కూలబడ్డారు. ఎదురుగా ఆ కాలు ఆనీ ఆనని చోట పళ్ళెమంత నేల కుంగి, కింద బురద కుతకుతమంది.

జనం మొహాలు చూసి కర్రక్క లేచి నవ్వింది. "ఏం లేదు, పెద్దమ్మ నా శాలువా మీద మనసు పడింది. ఇవాళ్టికి పై ఊట లేదండీ. వెనక్కి తిరగండి, వచ్చిన అడుగులోనే అడుగు వెయ్యండి."

అందరూ క్షేమంగా దిగాక పెద్దమ్మ ఆవిడని తువ్వాళ్ళ గదిలోకి లాక్కెళ్ళి తలుపేసింది.

"చెవులెప్పుడు పోయాయే?"

కర్రక్క ఆమె పెదాలకేసి చూసింది. "రెండేళ్ళయింది."

"మరి ఆ బూట్లాయనతో ఎలా నెగ్గావు?"

"ఆయనన్నది ఒక్క ముక్క వినపడలేదు. వినపడితే జడుసుకునేదాన్నేమో."

"నేల సంగతేంటి?"

"చేత్తో వినేదాన్ని. గట్టిదైతే అరచేతిలో జల్లుమంటుంది. ఇవాళ అంతా ఒకటేలా ఉంది."

పెద్దమ్మ చూపు పిడి మీది తన కుట్టు మీద పడింది.

"విప్పెయ్యవేం, మొండిముండా!"

"నువ్వు అంత ముచ్చటగా కుట్టిస్తే? విప్పితే ఏడుస్తావని."

"నేనా? ఏడుపా?" అంటూనే ముక్కు తుడుచుకుని, కత్తెర తీసి పిడి అందుకుంది పెద్దమ్మ. "ఇదిగో, తీసేస్తున్నా. మళ్ళీ నీ చెయ్యి నీకొస్తుంది."

కర్రక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు. ఇవాళ తువ్వాలు, రేపు చలికి కొంకర్లు. పదకొండు మంది, పెద్దమ్మా. అందులో ఒకావిడ కడుపుతో ఉంది."

పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది.

"సాయంత్రం జట్టు రాకముందే మేనేజరు దగ్గరికి పోదాం," అంది కర్రక్క. "నా చెవుల సంగతి నువ్వే చెప్పాలి. నా నోటంట రాదు."

"నీ నోటంట రానిది కూడా ఉందా?"

"ఇదొక్కటే. నేను పక్కనే ఉంటా. గొణక్కు పెద్దమ్మా, గట్టిగా చెప్పు. నాకూ వినపడాలి."