ఖాళీ సాకెట్ల మధ్య కారిన కరెంటు

దసరా వెళ్లిన సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు రేపల్లెలో తెనాలి రైలెక్కాను. నేను వెళ్లాల్సిన బాపట్లకు నేరుగా బస్సులున్నాయి. అయితే కుదుపులకు నా సర్క్యూట్ బోర్డు మీది సీసపు టాంకాలు ఊడతాయేమోనన్న భయంతో రైలును ఎంచుకున్నాను.

రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులో, నీళ్లకు గాలి పట్టించే మోటార్లు చూసే పని మా నాన్నది. నడుము లోతు నీళ్లలో దిగి చేయాలి. వైరు దెబ్బతిని నీళ్లలోకి కరెంటు కారితే తక్షణమే మోటారును ఆపే బోర్డును నేను తయారుచేశాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినది నేనొక్కదాన్నే. చెరువు యజమాని మాత్రం, "కాలేజీ ల్యాబులో కొలిపించి కాయితం తెస్తేనే బిగిస్తా" అన్నారు.

తెనాలిలో బాపట్ల బండి గంటన్నర ఆలస్యం. చల్లారిన ఇడ్లీ తింటుంటే, పక్కనున్న పెద్దావిడ నా ఒళ్లోని డబ్బాలోకి తొంగిచూసింది.

"ఏంటమ్మాయ్, ఆ వైర్లు?"

"మోటారు ఆపే బోర్డండి."

"మా ఆయన నోరు ఆపేది కూడా ఒకటి చెయ్యి తల్లీ, పుణ్యముంటుంది."

ఆమె భర్త పేపర్లోంచి తలెత్తకుండానే, "ముందు నీకు బిగించమను" అన్నాడు.

పదకొండు దాటాక బాపట్ల చేరాను. అక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ ఇన్‌చార్జి సారు బోర్డును ఇన్సులేషన్ టెస్టరుకు కలిపారు. బోర్డులో కరెంటు లైను వచ్చే మెయిన్స్ వైపు నుంచి నీళ్ల వైపుకు కరెంటు ఏమాత్రం కారకూడదు. కారుతోందని ముల్లు చూపింది.

"పనికిరాదమ్మా. మళ్లీ చేసి తీసుకురా."

"మిషన్ కూడా ఒకసారి చూడండి సార్."

"మొన్ననే ఆయుధపూజ చేశాం. దాన్నేమీ అనకు."

ఆయన భోజనానికి వెళ్లి రెండున్నర దాకా రాలేదు. అంతసేపూ బెంచీ మీద కూర్చుని ప్రతి టాంకానూ పరీక్షించాను. ఒక్క లోపమూ కనిపించలేదు. ఆయన వచ్చాక బతిమాలి, బోర్డు తీసేసి, మిషన్‌కు వైర్లు గుచ్చే ఖాళీ సాకెట్ల మధ్య కొలిపించాను. ముల్లు సరిగ్గా అక్కడే నిలిచింది! ఏమీ లేని చోట కరెంటు ఎలా కారుతుంది? ఇద్దరం వంగి చూశాం. రెండు సాకెట్లనూ కలుపుతూ గంధం, కుంకుమ మందంగా పూసి ఉన్నాయి. ముసురుకు ఇంకా ఆరలేదు; ఆ తడి మీదుగానే కరెంటు కారుతోంది.

తుడవడానికి నాకు చేయి రాలేదు. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఇతరులు పూజించి పెట్టిన బొట్టును నేను చెరపడం మర్యాద కాదు. సారు నా ముఖం చూసి, "నువ్వుండమ్మా" అన్నారు. స్విచ్చి ఆపి, చెప్పులు విడిచి, మిషన్‌కు దండం పెట్టి, స్పిరిట్ దూదితో తుడిచారు. తర్వాత పైమూత మీద కొత్త బొట్టు పెట్టారు.

"ఇక్కడైతే అమ్మవారికీ ఇబ్బంది లేదు, నీకూ లేదు."

ఈసారి బోర్డు నెగ్గింది. సంతకం పడేసరికి నాలుగున్నర.

తిరుగు ప్రయాణం చెరుకుపల్లి మీదుగా బస్సులో, నిలబడే. ఒక్క టాంకా ఊడలేదు. కనుక ఇదే పని మీద వెళ్లేవారు నిస్సంకోచంగా బస్సెక్కండి. దసరా రోజులైతే ముందు ఖాళీ సాకెట్లనే కొలవమనండి. దూదితో తీరే పనికి ఒక దినమంతా పోయిందన్న విసుగు ఇల్లు చేరేదాకా తగ్గలేదు.

ఆ వారంలోనే బోర్డు బిగించారు. కొన్నాళ్లకు ఒక వైరు తొక్క ఊడి నీళ్లలో పడింది. మోటారు దానంతటదే ఆగింది. అప్పుడు మా నాన్న చెరువులోనే ఉన్నారు. నడుచుకుంటూ గట్టెక్కారు.