పెదనాయన జపాను బొమ్మలు

చెమ్మపట్టిన పాత కాగితం వాసన ఎక్కడ తగిలినా నాకు తమిళనాట ధర్మపురిలో మా పెదనాయన ఇంటి ముందుగది గుర్తొస్తుంది. ఆ వెంటనే, ఇన్నేళ్ల తరువాత కూడా, కడుపులో సన్నగా మంట మొదలవుతుంది.

పెదనాయన నల్లరాయి వ్యాపారి. మా వైపు క్వారీల్లో తీసిన రాయి జపానులో సమాధులకు పోయేది. బేరానికి అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆయన పట్టు అంచులు అతికించి చుట్టగా చుట్టిన, కాగితం మీద గీసిన ఏ కాలంనాటిదో బొమ్మ ఒకటి, తేలికపాటి చెక్కపెట్టెలో పెట్టుకుని, బిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చేవాడు. మామిడి పిందెలు పట్టే రోజుల్లో పూలకొమ్మ, ఎండలు మండేటప్పుడు జలపాతం, దీపావళినాటి ఐప్పసి వానలు తెరిపిచ్చాక మంచులో ఒంటికాలిమీద నిలబడ్డ కొంగ, ఇలా కాలానికొక బొమ్మ గోడకెక్కేది. పెద్దమ్మ తడిచేత్తో ఆ గదిలోకి వచ్చినా, మేము అతిరసాలు తిన్న జిడ్డుచేతులతో గడప తొక్కినా కసిరేవాడు.

"నాకు సవతి ఒకతె కాదు, పెట్టెలనిండా ఉండారు," అని పెద్దమ్మ వంటింట్లోంచి గొణిగేది.

బొమ్మ విప్పే భాగ్యం మాత్రం ఆయన కూతురు వసంతక్కదే. చేతులు కడిగించి, తుడిచి, అరచేతులు తన చేతుల్లోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూసి, అప్పుడు గోడకు తగిలించిన బొమ్మచుట్ట కింది అంచు కర్ర ఆమెకిచ్చేవాడు. ఆమె దాన్ని మెల్లగా దించుతుంటే పూలకొమ్మ అయితే రేకు తరువాత రేకు బయటపడేది. గడప ఇవతల నిలబడి, అక్క చేతులకు చెమటలు పట్టాలని నేను మారియమ్మకు మొక్కుకునేదాన్ని.

ఒకరోజు నేనే చేతులు కడుక్కుని పోయినాను.

"పెదనాయనా, ఈపొద్దు నేను పట్టుకుంటా."

ఆయన నా వేళ్లు తాకకుండానే చూశాడు. "నీది చెమట చెయ్యి పాపా. బొమ్మ చెడిపోతుంది. పోయి ఆడుకో."

అక్క తల ఎత్తలేదు. గర్వమనుకున్నాను. ఆ తరువాత చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

పెదనాయన పోయాక బొమ్మలన్నీ బెంగళూరులో ఎవరికో అమ్మేశారు. ఈమధ్య వసంతక్క ఇంటికి వెళ్లినప్పుడు, "నిన్ను చూసి ఎంత కుళ్లుకున్నానో తెలుసునా అక్కా?" అన్నాను, నవ్వుతుందనుకుని.

ఆమె నవ్వలేదు. "నేను నిన్ను చూసి కుళ్లుకుంటి. పాపారపట్టి సంతకు పోయేటప్పుడు చిన్నాయన నీ చెయ్యి ఊరికే పట్టుకుని నడుస్తా ఉండె. మా నాయన నా చెయ్యి పట్టుకునింది బొమ్మల కోసరమే."

ఇంటికి వచ్చేదారిలో బస్సులో కూర్చుని, మా నాయన చెయ్యి గరుకుగా ఉండేదో మెత్తగా ఉండేదో తలచుకోబోయాను. ఎంతకీ గుర్తు రాలేదు.