తడిగోనె కింద ఆకు

మా మేనత్త పోయిందని ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డి గంజ్‌లో పాత గోనెసంచులు ఏరుకుంటున్నాను. "అవ్వ పోయింది. పొద్దుగాల చాయ తాగి ఒరిగింది, మల్ల లేవలే" అన్నాడు. తర్వాత తనే, "ఏడున్నవ్?" అని అడిగాడు. చెప్పాను. "సంచులు తీస్కొనే రా. డేరాలోళ్ళకు రావద్దని చెప్పకు. చెప్తే నన్ను తిడతది." పోయిన మనిషి తిడుతుందని అతను అంత మామూలుగా అంటే నాకూ మామూలుగానే వినిపించింది. చిరుగుల్లేనివి చూసి కట్ట కట్టించుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఏడవలేదు. బస్సులో బాగా ఉక్కపోసిందని మాత్రం గుర్తు.

ఆ సంచులెందుకో చెబితే తప్ప మా అత్త సంగతి మీకు అర్థం కాదు. నేను కామారెడ్డిలో జిరాక్స్ దుకాణం నడుపుతాను. మిగిలిన వేళల్లో సొంతంగా పాటలు కట్టి పాడుతాను. నాలాంటివాళ్ళం కొందరం ఏటా ఎండాకాలంలో రెండు రోజులు లింగంపేట దగ్గర మా అత్త పొలంలో డేరాలు వేసుకుని, అక్కడే వండుకు తిని, పాడుకుంటాం. సినిమా పాటలు ఉండవు. పోటీలు, శాలువాలు అసలే ఉండవు. హైదరాబాదు నుంచి కొందరు, నిజామాబాదు నుంచి కొందరు వస్తారు, ఊళ్ళోవాళ్ళు వచ్చి గట్టు మీద కూర్చుంటారు. ఇంత ఎండలో ఏమిటీ పిచ్చి, చలికాలంలో పెట్టుకోవచ్చు కదా అని ప్రతివాళ్ళూ అడుగుతారు. చలికాలంలో మడిలో వరి ఉంటుంది. యాసంగి కోత అయ్యాక, వానలు పడేలోపే ఆ నేల ఖాళీ. మా పాటలకు ముహూర్తం పెట్టేది వరిపంటే.

పొలం ఇస్తావా అని మొదటిసారి అడిగినప్పుడు అత్త ఒక్క షరతు పెట్టింది. "మేకులు మడిల కొట్టుకోండ్రి. గట్టు మీద కొడితె ఊకోను. గట్టుకు బొక్కబడితె నీళ్ళు నిలవయి." అంతే. ఎవరొస్తారు, ఏం పాడతారు అని ఏమీ అడగలేదు. మేం వరికొయ్యలు చదును చేసి డేరాలు లేపాక వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఇవేందే కోడలా, కోళ్ళ గంపలా?" అంది. ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ మావాళ్ళు ఒకరినొకరు నీ గంప ఎక్కడ వేశావని అడుగుతారు.

ఎండ కాస్త ముదిరిందంటే ఆ నైలాన్ గంపల్లో మనిషి ఉండలేడు. మొదటి ఏడు గిటారు వాయించే ఒకాయన పంతం కొద్దీ లోపలే పడుకుని, బయటికొచ్చి చొక్కా పిండుకున్నాడు. అత్త అతన్ని ఎగాదిగా చూసి, ఇంట్లోంచి గోనెసంచులు తెచ్చి, బోరు నీళ్ళలో ముంచి గంపల మీద కప్పింది. దానితో లోపల ఏదో చలువపందిరి అయిపోయిందని చెప్పను. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎల్లారెడ్డి వైపు దేవుడికైనా చెమట పడుతుంది. కాకపోతే కూర్చోగలిగాం. అప్పట్నుంచి సంచులు తేవడం నా వంతు.

తడిగోనె అత్తకు రోజూ పనే. ఆమె బీడీలు చేసేది. తునికాకును నానబెట్టి, కత్తిరించి, తడిగోనె కింద దాచుకోవాలి. వడగాలి తగిలి ఆరిపోయిందంటే చుట్టేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. అందుకని పాటలు జరిగే మోదుగకొమ్మల పందిరి కింద ఒక మూల పీట వేసుకుని, ఒళ్ళో చాట, పక్కన నీళ్ళ ముంత, గోనె కింద ఆకు పెట్టుకుని కూర్చునేది. ఎవరు పాడినా ఆమె పని ఆమెదే. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, కొన మడవడం. నడుమ నడుమ ముంతలో వేళ్ళు ముంచి గోనె మీద చిలకరించడం. "చేతులు ఊకె ఉంటె మనసు పనికిరాని తావులకు పోతది" అనేది. నాకు తెలిసి ఆమె మనసు ఎక్కడికీ పోయినట్టు కనబడేది కాదు.

విమర్శ మాత్రం చేసేది. ఎండకు తీగలు సడలిపోతుంటే ఆ గిటారాయన పాట పాటకూ బిగించుకునేవాడు. అత్త కాసేపు చూసి నన్ను పిలిచి, "వాయిస్తున్నడా, బాగు చేస్తున్నడా?" అని అడిగింది. పెద్ద శబ్దాలకు చిరాకు పడేది కాదు గానీ, ఒకసారి మైకు సెట్టు తెచ్చిన భాయ్ దగ్గరికి నేరుగా వెళ్ళి, "భాయ్, ఆ డబ్బ జర అటు మలుపు. నా బర్రె చేపుతలేదు" అంది. ఆ భాయ్ నవ్వుకుంటూ స్పీకర్ రోడ్డువైపు తిప్పాడు. బర్రె పాలిచ్చింది. మర్నాడు అందరికీ ఆ పాల మజ్జిగతోనే మక్కగటక, అదే మొక్కజొన్న జావ, పోసింది. హైదరాబాదు పిల్లలు మొహమాటపడితే, "తాగుండ్రి, పాడెటందుకు గొంతు ఉండాలె గద" అని గిన్నెలు చేతుల్లో పెట్టింది.

నా గోల ఒక్కటే. నేను పాడుతుంటే ఆమె చేతులు ఒక్కసారి ఆగాలి. ఎవరి పాటకూ ఆగని చేతులు నా పాటకు ఆగాలని ఏ ఏటికాయేడు పంతం పెరిగింది. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టినా, వచ్చినవాళ్ళు ఫోన్లలో రికార్డు చేసుకున్నా, నా కళ్ళు ఆ మూలకే పోయేవి. చివరికి తెలివి ఉపయోగించి బీడీలు చేసే చేతుల మీదే ఒక పాట కట్టాను. ఆ వేళ్ళ నలుపు, మెడనొప్పి, పొగాకు దగ్గు, అన్నీ పెట్టాను. గట్టు మీద ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అత్త మటుకు ఒక కట్ట పూర్తి చేసి పక్కన పెట్టి ఇంకోదానికి దారం తీసింది.

"ఎట్లుంది అత్తా?" అని అడిగాను, ఉండబట్టలేక.

"నా చేతుల మీద పాటేందే? నా చేతులకేమైంది?" అంది.

ఆ పాట మళ్ళీ పాడలేదు. ఆమెను మెప్పించే ప్రయత్నం కూడా మానేశాను. నిరుడు నా వంతు వచ్చినప్పుడు మా నాన్న మీద కట్టిన పొడుగాటి పాట పాడాను. నాన్న ఆమెకు తమ్ముడు, ఒక్కడే. ఐస్‌ఫ్రూట్లు అమ్మేవాడు. సైకిల్ వెనక పెట్టె కట్టుకుని ఎల్లారెడ్డి నుంచి బయల్దేరి ఊరూరా తిరిగేవాడు. పోయి చాలా ఏళ్ళయింది. పాటలో గొప్ప విషయమేమీ లేదు. ఏ ఊళ్ళో ఎక్కడ ఆగేవాడు, గంట ఎలా కొట్టేవాడు, పెట్టెలోంచి కారిన నీళ్ళు మట్టిరోడ్డు మీద సన్నటి గీతలా ఎంతదూరం వచ్చేవి, అదీ పాట. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. నేను అలవాటు కొద్దీ ఆ మూలకు చూశాను. చేతులు ఆడుతూనే ఉన్నాయి. సరేలే అనుకుని కళ్ళు మూసుకుని పూర్తి చేశాను.

పాడి వస్తుంటే అత్త పిలిచింది. చాటలోంచి ఒక ఆకు తీసి చూపించింది. అంచులు పైకి లేచి ముడుచుకుపోయింది. వేళ్ళ మధ్య నలిపితే పొడి రాలింది. గోనె ఎండి అట్టకట్టుకుపోయి ఉంది. ముంతలో పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

"సూడు, ఆకంత కరాబైంది. నీళ్ళు సల్లుడు యాది మరిసిన" అంది, తప్పు నాదే అన్నట్టు. చాటలో విరిగిన బీడీలు చాలా ఉన్నాయి. ఎండిన ఆకును చుడుతున్నానని కూడా తెలియకుండా చుడుతూ పోయిందన్నమాట.

ఆమె ఆ ఆకుల్ని ఒక పక్కకు ఊడ్చి, తల ఎత్తకుండానే అంది. "పెట్టెకు గోనె చుట్టెటోడు మీ నాయిన. తడిపి చుట్టెటోడు. ఐసు కరగకుండ. ఆ గోనె నేనే కుట్టిచ్చిన. గది పాటల లేదు."

"వచ్చే ఏడు పెడతానత్తా" అన్నాను.

"పెట్టు" అంది. అని ముంత పక్కకు జరిపి, కొత్త ఆకు తెచ్చుకోవడానికి లేచింది.

ఏళ్ళ తరబడి నేను చూసింది చేతులనే. చూడాల్సింది ఆకును. ఆ సాయంత్రం నా గంప మీద సంచులు తడుపుతూ ఎంత సంతోషపడ్డానో ఇక్కడ రాయగలను గానీ ఎవరికీ చెప్పలేదు. నాకంత సంతోషం ఇచ్చిన మెప్పు ఇంకోటి లేదు. అందులో ఒక్క మెచ్చుకోలు మాట లేదు.

సంచుల కట్టతో నేను ఊరు చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆగితే బాగుండునని నేను చూసిన చేతులు ఆగే ఉన్నాయి. అప్పుడు వచ్చింది ఏడుపు. బావ నా చేతిలో సంచుల కట్ట తీసుకుని కొట్టంలో వేసి వచ్చాడు.

దినాలయ్యాక మే నెలాఖరులో గంపలు లేచాయి. మేకులు మడిలోనే కొట్టాం. గట్టు మీద కొట్టబోయిన కొత్తాయన్ని మావాళ్ళే గదిమారు. సంతాప సభ గట్రా పెట్టలేదు. పెడితే అత్తే, పాటలకని పిలిచి ఇదేంది అనేది. పందిరి మూలన పీట ఖాళీగా ఉంటుందనుకున్నాను. బావ భార్య, నేను అక్కా అని పిలుస్తాను, అదే చాట, అదే ముంత పట్టుకొచ్చి అక్కడ కూర్చుంది. "ఇంట్ల ఉక్కపోస్తున్నది, ఈడ జర గాలాడుతది" అంది. చేతులు మొదలయ్యాయి.

నాన్న పాట పాడాను. ఈసారి గోనె చేర్చాను. తమ్ముడికని అత్త కుట్టించి ఇచ్చిన గోనె, ఆ తమ్ముడు బావి దగ్గర ఆగి తడిపి పెట్టెకు చుట్టుకున్న గోనె. రెండు చరణాలే పెరిగాయి. పాడుతూ ఆ మూలకే చూశాను. గోనె మాట వచ్చిన చోట అక్క తల ఎత్తలేదు. ముంతలో వేళ్ళు ముంచి, పక్కనున్న గోనె మీద నీళ్ళు చిలకరించి, మళ్ళీ దారం అందుకుంది.

పాటయ్యాక వెళ్ళి గోనె అంచు ఎత్తి చూశాను. ఏంది, ఏం సూస్తున్నవ్ అంది అక్క. ఏం లేదన్నాను. గోనె కింద ఆకు చల్లగా, మెత్తగా, తడిగానే ఉంది.