గౌరమ్మత్త కొన్న ఎర్ర కారు

మొన్న న్యూ టౌన్‌లో ఆఫీసుకు వెళ్తుంటే, ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగిపోయింది. మా క్యాబ్ డ్రైవరు బ్రేకు వేయకుండా క్లచ్ మీదే బండిని పట్టుకుని ఎత్తు మీద ఊగిసలాడించాడు. కాసేపటికి క్లచ్ ప్లేటు మాడిన వాసన గుప్పుమని లోపలికి కొట్టింది. అతను కంగారుపడిపోయి, అద్దం దించుకోండి దీదీ అని బెంగాలీలో బతిమాలాడు. నేను దించలేదు. ఇంకాస్త గట్టిగా పీల్చాను కూడా. పిచ్చిదాన్ననుకున్నాడో ఏమో, అద్దంలోంచి రెండుసార్లు నావైపు చూశాడు. ఏం చెప్పను అతనికి? ఆ వాసన తగిలితే చాలు, గౌరమ్మత్త పక్కన కూర్చున్నట్టే ఉంటుంది నాకు. ఆవిడ మాడ్చినన్ని క్లచ్ ప్లేట్లు కలకత్తా మొత్తం మీద ఇంకెవరూ మాడ్చి ఉండరు.

గౌరమ్మత్త మాకు చుట్టం కాదు. ఏక్‌బాల్‌పూర్‌లో మా పక్క గదిలో ఉండేది. మా నాన్న ఓడల డాక్‌లో పనిచేసేవాడు, ఆవిడ కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేది. రెండు కుటుంబాలూ టెక్కలి వైపు నుంచి వచ్చినవే. అత్తకు చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. సన్నగా, నల్లగా, మనిషి కంటే గొంతు పెద్దది. పోయిన వర్షాకాలంలో జ్వరంతో నాలుగు రోజులు పడుకుని వెళ్ళిపోయింది. ఆ గొంతు లేక మా సందు ఇప్పటికీ బోసిగా ఉంటుంది. మా అమ్మ పెంపకం ఎలాంటిదంటే, ఎవరేమిచ్చినా మొదట వద్దనాలి. అలా అని అని, నాకు నిజంగా ఏం కావాలో నాకే తెలియకుండా పోయింది. చిన్నప్పుడు ఒకసారి దుర్గా పూజ సంతలో ప్లాస్టిక్ నల్ల కళ్ళద్దాల ముందు నిలబడిపోయాను. "కావాలేటే?" అంది అత్త. వద్దన్నాను. "ఓసినీ! కళ్ళొకటి సెప్తన్నాయి, నోరొకటి సెప్తంది. కావాలంటే కావాలని అను గుంటా, నోరరిగిపోద్దా?" అని నా రెక్క పట్టుకుని కొట్టువాడి ముందు నిలబెట్టింది. "ఆమార్ చాయ్" అని, అంటే నాకు కావాలని, మూడుసార్లు గట్టిగా అనిపించాక గానీ కొనివ్వలేదు. జనమంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అయినా ఆ కళ్ళద్దాలు పెట్టుకునే ఆ రాత్రి నిద్రపోయాను.

ఆవిడ పని ఎక్కువగా మైదాన్ పక్కన రెడ్ రోడ్ మీద. విశాలంగా, తిన్నగా ఉండే రోడ్డు. ఆదివారం తెల్లవారితే డబ్బున్నవాళ్ళ పిల్లలు తమ జోరు కార్లు వేసుకుని అక్కడికి వచ్చేవారు. చీపురు పట్టుకుని ఆవిడ పక్కకు తప్పుకునేది, వాళ్ళు ఝామ్మని వెళ్ళిపోయేవారు. ఇంటికొచ్చాక ఏ కారు ఎలా అరిచిందో నోటితో చేసి చూపించేది. తిట్టుకుంటుందేమో అనుకునేదాన్ని. కాదు, మోజు! రిటైరైన రోజున కార్పొరేషన్ వాళ్ళు కప్పిన శాలువా తీయకుండానే మా గదిలోకి వచ్చి కూర్చుంది. "లచ్చీ, నాను కారు కొంతన్నాను. జోరుగా ఎల్లే కారు. రెడ్ రోడ్ మీద ఈ సివర నుంచి ఆ సివర దాకా నానే తోలాల" అంది నాతో. మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ముందా నడుం నొప్పికి మందు కొనుక్కోయే" అంది అమ్మ. "కారులో కూకుంటే నడుం నొప్పి అదే పోద్ది వదినా" అంది అత్త. సందులో లైసెన్సు ఉన్న ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి, నన్నెవరూ అడక్కుండానే గురువుగా కూర్చోబెట్టేశారు.

వెతగ్గా వెతగ్గా న్యూ టౌన్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద దొరికింది బండి. చూడ్డానికి మామూలు ఎర్రటి చిన్న కారే, కానీ లోపల టర్బో ఇంజను. ఇంజనులోకి గాలిని దట్టించి తోస్తుంది టర్బో, దాంతో అంత చిన్న బండీ పెద్ద బండ్లను దాటేస్తుంది. దారంతా అత్తకు పాఠం చెప్పాను. "నచ్చినా నచ్చనట్టే ముఖం పెట్టు. పెదవి విరువు. అప్పుడే ధర తగ్గుతుంది." సరేనని బుద్ధిగా తలూపింది. అమ్మే కుర్రాడు దుమ్ముపట్టిన గుడ్డ లాగాడో లేదో, "ఓలమ్మో! ఎంత బాగుందే!" అని కెవ్వున అరిచి బానెట్ మీద పడి రెండు చేతులా కౌగిలించుకుంది. నేను తల పట్టుకున్నాను. అంతటితో ఊరుకుందా? నాకు తెగ నచ్చేసింది బాబూ అని అతనికి అర్థమయ్యేలా బెంగాలీలో మళ్ళీ చెప్పింది. ఆ కుర్రాడు ఒక్క క్షణం తెల్లబోయి, సొంత పిన్నిని పిలిచినట్టు "మాసీమా, మీకు దాచి అమ్మలేను" అని మొదలుపెట్టాడు. టర్బో నూనె కారుస్తోందట, స్టార్టు చేస్తే నీలం పొగ, క్లచ్ అయిపోవచ్చింది, షాకబ్జార్బర్లు చచ్చాయి. అందుకే పాత స్కూటర్ ధరకు ఇచ్చేస్తున్నాడట. అత్త అంతా శ్రద్ధగా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "బాగవ్వుద్దా, అవ్వదా?" ఖర్చు పెడితే అవుతుందన్నాడు. "ఐతే కావాల" అంది. నేను బేరానికి నోరు తెరిచేలోపే అతనే ఇంకొంత తగ్గించాడు. నా తెలివితేటలు నా దగ్గరే ఉండిపోయాయి.

బండిని తాడు కట్టి లాక్కొచ్చి వాట్‌గంజ్‌లో షమీమ్ భాయ్ గ్యారేజీలో పడేశాం. అతను బానెట్ ఎత్తి టార్చి వేసి మూలమూలా చూశాడు. తర్వాత "మాసీ, ఇది బండి కాదు, జబ్బుపడ్డ పులి" అన్నాడు హిందీలో. పులి అన్నమాటే వినిపించింది మా అత్తకు. ఇక ఎండాకాలమంతా అక్కడే కాపురం. బోర్లించిన డబ్బా మీద కూర్చుని విప్పిన సామాన్లన్నీ కిరసనాయిల్‌లో కడిగేది. చెయ్యి ఊరుకోక గ్యారేజీ కూడా ఊడ్చేసేది. "మాసీ, దండం పెడతా, ఊడ్చకు. నా నట్లన్నీ చెత్తలో పోతున్నాయి" అని షమీమ్ భాయ్ మొత్తుకునేవాడు. పాత సామాన్ల బజారులో టర్బో ఒకటి దొరికితే, దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. చీరంతా నూనె. శనివారం వస్తే చాలు, నేనూ ఆఫీసు పని పక్కన పడేసి అక్కడే తేలేదాన్ని. ఒక్కో బోల్టు బిగుస్తుంటే నాకూ లోపల ఏదో కుదురుకుంటున్నట్టుండేది. యంత్రాలకు మొక్కే విశ్వకర్మ పూజనాటికి బండి లేచి నిలబడింది. ఆకాశం నిండా ఆ పండక్కి ఎగరేసే గాలిపటాలు, బానెట్ మీద బంతిపూల దండ. అత్త తాళం తిప్పింది. ఒకసారి దగ్గింది, రెండోసారి గురకపెట్టింది, మూడోసారి ఒక్కసారిగా గర్జించింది. సందంతా నీలం పొగ, అందరూ దగ్గులు. ఆ పొగ మధ్యలో ఆవిడ చప్పట్లు కొడుతూ ఎగురుతోంది. నేనూ ఎగిరాను, ఎందుకబద్ధం?

అసలు కష్టం డ్రైవింగ్ నేర్పడంలో వచ్చింది. గేర్లు వారంలో పట్టుబడ్డాయి. క్లచ్ ప్లేట్లు ఒకదాని వెనక ఒకటి బలైనా, కాలు కుదురుకుంది. కానీ వెనక హారన్ మోగిందంటే చాలు, ఆవిడ చేతులు వాటంతటవే స్టీరింగును ఎడమకు తిప్పేసేవి. బండి ఫుట్‌పాత్‌కు ఆనుకుని ఆగిపోయేది. రిక్షా మోగించినా అంతే, సైకిల్ గంట మోగినా అంతే. లైసెన్సు పరీక్ష రోజున వెనక ఏదో లారీ మోగించింది. ఈవిడ పక్కకు లాగి, బండి ఆపి, ఇన్‌స్పెక్టర్‌కు నమస్కారం కూడా పెట్టింది. ఫెయిల్. ఆ సాయంత్రం నా ఓపిక నశించి డాక్ రోడ్డు మీద అరిచేశాను. "అత్తా, నువ్వు బండిలో ఉన్నావు! రోడ్డు నీది కూడా! ఎందుకలా దూకేస్తావ్?" ఆవిడ స్టీరింగ్ వదల్లేదు. నెమ్మదిగా అంది, "హారన్ ఇనగానే దూకినోళ్ళమే బతికున్నామే. మా సరస్వతి దూకనేదు. నా పక్కనే ఊడుస్తన్నాది ఆ పొద్దు." అన్నేళ్ళుగా ఆ కార్ల శబ్దాలు చేసి నన్ను నవ్వించిన మనిషి ఆ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని, "పద, మల్లీ తోలతాను. కాయితం రాకుండా నా రోడ్డు మీదికెల్లను" అంది.

ఆ రోజు నుంచి అరవడం మానేశాను. షమీమ్ భాయ్‌ను పట్టుకున్నాను. మేం ముందు కారులో, అతను వెనక స్కూటర్ మీద. వాట్‌గంజ్ అంతా పీంపీంమని మోగించుకుంటూ వచ్చేవాడు. చాయ్ కొట్ల దగ్గర జనం అతన్ని తిట్టని తిట్టు లేదు. అత్త పళ్ళు బిగించి, "ఉండు, ఉండు, ఉండు" అని తన చేతులకు తనే చెప్పుకుంటూ తోలేది. రెండోసారి పరీక్షలో పాసైంది. కానీ ఊళ్ళో మామూలు రోడ్లు వేరు, ఆ రోడ్డు వేరు. అక్కడ చేతులు మాట వింటాయో లేదో ఆవిడకూ తెలీదు, నాకూ తెలీదు.

చలికాలం, ఆదివారం తెల్లవారుజామున వెళ్ళాం. మైదాన్ మీద పల్చగా మంచు. ఆవిడ కొత్త చీర కట్టుకుని, కొంగు నడుముకు బిగించి కూర్చుంది. రెడ్ రోడ్‌లోకి తిరిగి కొంచెం దూరం వెళ్ళామో లేదో, వెనక నల్లటి పెద్ద కారు వచ్చి గట్టిగా హారన్ కొట్టింది. ఆవిడ చేతులు ఎడమకు కదలడం చూశాను. సరిగ్గా అప్పుడే ముందర, ఎడమ అంచున, కార్పొరేషన్ వాళ్ళ మెరిసే కోట్లు వేసుకున్న ఆడవాళ్ళు ఊడుస్తూ కనిపించారు. మా ఇంజను చప్పుడుకు దగ్గర్లో ఉన్నావిడ చీపురుతో సహా ఎగిరి ఫుట్‌పాత్ ఎక్కేసింది.

"దూకీసినాదే," అంది అత్త. "నన్ను సూసి దూకీసినాది."

స్టీరింగు తిన్నగా అయింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి రెండో గేరులోకి దించింది. ఊడ్చేవాళ్ళకు చోటొదిలి, రోడ్డు మధ్యన నడక వేగంతో పోనిచ్చింది. వెనక కారు ఆపకుండా మోగిస్తోంది. "మోగించుకో బాబూ, మావోళ్ళు పన్లో ఉన్నారు" అని, అద్దం దించి బయటికి తల పెట్టి కేక పెట్టింది. "ఒలే, దూకకండే! నానే! గౌరమ్మని!" వాళ్ళు ముందు నమ్మలేదు. తర్వాత చీపుర్లు పైకెత్తి పెట్టిన కేకలకు మైదాన్ మీది కాకులన్నీ లేచాయి. చివరి చీపురు దాటాక అత్త అద్దంలో చూసింది. "ఇంకెవులూ నేరు గదే ముందర?" లేరన్నాను. "ఐతే గట్టిగా పట్టుకో."

తొక్కింది. టర్బో ఈల వేసింది, నా వీపు సీటుకు అతుక్కుపోయింది. చెట్లన్నీ పక్కనుంచి ఒకే పచ్చ గీతగా జారిపోయాయి. నేను అరుస్తున్నాను, ఆవిడ "ఓలమ్మో ఓలమ్మో" అని పకపకా నవ్వుతోంది. అద్దంలో ఆ నల్ల కారు చిన్నదై, ఇంకా చిన్నదై, మంచులో కలిసిపోయింది. ఆ చివర పక్కకు తీసి ఆపింది. కిందకు దిగి వెనక్కి చూశాం. ఎండుటాకులు ఇంకా గాల్లో తిరుగుతూ నెమ్మదిగా రోడ్డు మీద పడుతున్నాయి. నడుం మీద చేతులేసుకుని వాటిని చూసి, "ముప్పయ్యేళ్ళు ఊడిసినాను. ఇయ్యాల ఒక్కనాడు రేపినాను" అని కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఆ కారు ఇప్పుడు నా పేరు మీద ఉంది. పులి కదా, నెలలో సగం రోజులు షమీమ్ భాయ్ దగ్గరే ఉంటుంది, మిగతా సగం నేను తోలతాను. వెనక ఎవరైనా హారన్ కొడితే ముందు నా ఎడమవైపు చూసుకుంటాను. అక్కడెవరూ లేకపోతే దారిస్తాను. ఎవరైనా ఉంటే మాత్రం, వెనకున్నవాడు ఎంత పెద్దవాడైనా, ఎంతసేపు మోగించినా, జరగను.